అడిగితే చెప్పే ఇల్లు

జనవరి 11, ఆదివారం

జమాఖర్చుల పుస్తకంలో ఇలాంటివి రాయడానికి గడి లేదు. అందుకని ఈ డైరీ. ఆయనకి ఆఫీసులో ఎవరో ఇచ్చారు, ఆయన నా వైపు తోశారు.

పొద్దున గుండీ ఊడిన చొక్కా పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. సూది ఎక్కడుందన్నారు. చెప్పాను. దారం ఎక్కడుందన్నారు. దాని పక్కనే అన్నాను. అప్పుడన్నారు:

"ఏ చిన్నదానికైనా నిన్నే అడగాలి. నీ బుర్రలో ఉన్నదంతా ఆ కంప్యూటర్లో పెట్టేయకూడదూ? మేమే చూసుకుంటాం. నీకూ విశ్రాంతి."

ఇరవయ్యారేళ్ళ సంసారంలో ఆయన నాతో మాట్లాడిన మాటల్లో సగం "ఎక్కడుంది?" అన్నవే. నా విశ్రాంతి మాట ఎత్తడం ఇదే మొదలు. చొక్కా నేనే కుట్టాను.

జనవరి 18, ఆదివారం

పిచిక వచ్చింది. ఆఫీసులో పదిమంది మీద పెత్తనం చేసే కూతుర్ని ఇంకా పిచిక అంటే ఒప్పుకోదు. అనకపోతే అసలే ఒప్పుకోదు.

పాత లాప్‌టాప్ నా ముందు పెట్టి పాఠం మొదలుపెట్టింది.

"అమ్మా, ఒక పెట్టె అనుకో. దానికి 'ఇల్లు' అని పేరు. లోపల అరలు. ప్రతి అరకీ ఒక చీటీ అతికించావు. చీటీ మీది పేరు కీ. అరలో ఉన్నది వాల్యూ. అరలో మళ్ళీ ఇంకో పెట్టె కూడా పెట్టుకోవచ్చు."

"మరి లోపలున్నది బయటికి తీయడం?"

"చుక్క. పెట్టె పేరు, చుక్క, చీటీ పేరు. అంతే."

ఇల్లు.బీరువా.పైఅర అని కొట్టాను. "శాలువాలు, ఇంటి కాగితాలు, పాత కళ్ళద్దాలు" అని వచ్చింది. నేను రాసిందే నాకు తిరిగి చెప్పింది. అయినా ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నదీ ఇదే పని. చుక్క లేకుండా, తడి చేతులతో.

పక్క గదిలోంచి అత్తయ్య కేకేసింది. పక్షవాతం వచ్చాక మాటలు ముద్దగా వస్తాయి కానీ కేక మాత్రం నిక్షేపంగా ఉంది.

"ఏంటే ఆ నవ్వులు?"

"మీ కోడలు చదువుకుంటోంది నానమ్మా!"

"ఇప్పుడా? పెళ్ళికి ముందు ఏం చేసిందట?"

జనవరి 25, ఆదివారం

నేను చేసిన తప్పు రాసుకోవాలి, మళ్ళీ చేయకుండా.

ఆయనకి ఏం కావాలో ఆయన టైపు చేయడానికి ఒక గడి పెట్టాను. అందులో ఏది రాస్తే అది 'అడిగింది' అనే పేరుతో దాచిపెట్టమన్నాను. తర్వాత ఇల్లు.అడిగింది అని రాశాను. నా లెక్క ప్రకారం ఆయన "తాళాలు" అంటే తాళాలు ఎక్కడున్నాయో చెప్పాలి. ఏది అడిగినా అన్‌డిఫైన్డ్ అంటుంది. తాళాలు, అన్‌డిఫైన్డ్. గొడుగు, అన్‌డిఫైన్డ్. ఇల్లంతా దొంగలు దోచుకుపోయినట్టుంది.

పిచిక పొట్ట పట్టుకుని నవ్వింది.

"చుక్క తర్వాత నువ్వు ఏ మాట రాస్తే ఆ మాటే చీటీ పేరు అనుకుంటుందమ్మా. 'అడిగింది' అనే అర ఉందా అని వెతుకుతుంది. లేదు కదా. ఆ మాట వెనకాల ఏముందో తెరిచి చూడాలంటే చుక్క పనికిరాదు, చదరపు బ్రాకెట్లు వేయాలి."

"మరి అలాంటి అర లేదే తల్లీ అని నాతో చెప్పొచ్చుగా?"

"చెప్పదు. తిట్టదు కూడా. అన్‌డిఫైన్డ్ అని ఊరుకుంటుంది. లేనిదాని లోపల ఇంకేదో ఉందని మళ్ళీ చుక్క పెట్టావనుకో, అప్పుడు మొత్తం కూలిపోతుంది."

"అచ్చం మీ నాన్నే. మొదటిసారి అడిగితే పలకరు, రెండోసారి అడిగితే విరుచుకుపడతారు."

మామూలుగా అయితే దీనికి గట్టిగా నవ్వేది. ఈ మధ్య వాళ్ళ నాన్న మాట వస్తే బ్యాగు సర్దుకుంటోంది.

జనవరి 29

వంటగది అయింది. బీరువాలు అయ్యాయి. స్విచ్చుబోర్డులో ఏ మీట దేనికో అయింది. గీజరు మెకానిక్, నీళ్ళ ట్యాంకు కడిగేవాడు, ఫిజియోథెరపీ అబ్బాయి, అందరి నంబర్లూ అయ్యాయి. ఇంత పనిని ఇంత పద్ధతిగా ఎవరైనా చేస్తారా అని మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చుని మెచ్చుకున్నాను. వేరే ఎవరూ లేరు మరి.

ఫిబ్రవరి 2

అత్తయ్య అర దగ్గర ఆగిపోయాను.

ఇల్లు.అత్తయ్య.మందులు.ఉదయం. దానికి వాల్యూ ఏం రాయాలి? మాత్ర పేరు రాయడం తేలికే. మింగించడం మాటేమిటి? అత్తయ్య నోరు తెరవదు. పళ్ళు బిగించి గోడవైపు చూస్తుంది. "స్కూల్లో పరుగుపందెంలో మీకు రెండో బహుమతి కదా అత్తయ్యా?" అంటాను. "ఫస్టు!" అని అరవడానికి నోరు తెరుస్తుంది. అప్పుడు మాత్ర వేసేయాలి. ఎనిమిదేళ్ళుగా రోజూ అదే పందెం, రోజూ ఆవిడే ఫస్టు. ఒక్కోరోజు నా ఎత్తు కనిపెట్టి మాత్ర నా చీర మీద ఉమ్మేస్తుంది. అప్పుడు ఇంకో కథ కావాలి.

ఇదంతా పొందిగ్గా రాసి పెట్టాను. ఆయన చదివారు.

"ఈ పురాణం ఎందుకు? 'ఒక మాత్ర, టిఫిను తర్వాత' అని పెట్టు. చాలు."

తీసేశాను. ఆయన చెప్పిందీ నిజమే. జవాబు చిన్నదిగా ఉండాలి.

ఫిబ్రవరి 5

ఆయన ఫోన్‌లో పెట్టించుకున్నారు. "ఫ్యూజు" అని అడిగారు. ఎక్కడుందో వచ్చింది. "బాగుంది" అన్నారు.

బాగుంది అన్నారు.

ఫిబ్రవరి 10

ఎదురు ఫ్లాటు టీచరమ్మ బట్టలారేసుకుంటూ పలకరించింది.

"ఏవమ్మోయ్, కంప్యూటర్ ఇంజినీరైపోయావట! ఇక మాతో ఏం మాట్లాడతావులే."

"మాట్లాడతాను టీచరుగారూ. అపాయింట్‌మెంట్ తీసుకోండి."

నవ్వింది. నవ్వి, పిన్ను నోట్లోంచి తీసి, "అవునూ, మీవారు మా తమ్ముడి బిల్డింగులో ఒక్క గది ఇల్లు అడిగారట. మీ అమ్మాయి ఉండే వీధి పక్కనే. ఎవరికి?" అంది.

ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకయ్యుంటుందన్నాను. ఆయన అలాంటివి చూసిపెడుతూనే ఉంటారు.

పిచికకే చూస్తున్నారేమో. ఇప్పుడు ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఉంటోంది. ఆశ్చర్యపరుద్దామని ఎవరికీ చెప్పి ఉండరు.

ఫిబ్రవరి 15, ఆదివారం

పిచిక రాలేదు. ఫోన్‌లో:

"అమ్మా, అది ఇక ఆపెయ్."

"ఆపడమేంటే? బాల్కనీ, స్టోరు రూము, ఇంకా రెండే మిగిలాయి."

"ఆపెయ్ అంతే. కొన్ని నీ దగ్గరే ఉంచుకో."

"దాచుకోవడానికి అదేమన్నా నగా? ఇంటి సంగతులు. ఇంట్లో వాళ్ళకి తెలిస్తే తప్పా?"

లైన్ కట్టయిందేమో అని చూశాను. ఉంది.

"నీకు ఎలా చెప్పాలో తెలీడం లేదమ్మా."

"అయితే తెలిశాక చెప్పు" అని పెట్టేశాను.

తను చేసే పని తల్లి కూడా చేసేస్తే పిల్లలకి చిన్నతనంగా ఉంటుందేమో. బాల్కనీ నేనే పూర్తి చేశాను. మొక్కలకి ఏ రోజు నీళ్ళో కూడా.

ఫిబ్రవరి 20

అంతా అయిపోయింది. ఆయన అడగని ప్రశ్నలకి కూడా జవాబులు పెట్టాను.

"ఒక పని చేద్దాం" అన్నారు ఆయన. "ట్రయల్ వేద్దాం. మూడు రోజులు పిచిక దగ్గర ఉండిరా. పగలు ఆయాని పెట్టాను. మిగతాది నేను, ఈ ఫోను. చూద్దాం ఎలా నడుస్తుందో."

అత్తయ్యకి చెప్పడానికి వెళ్ళాను. గోడవైపు తిరిగి ఉంది. "వెళ్ళిరా" అంది. ఎందుకు ఏమిటి అనలేదు. నేను కూరగాయలకి వెళ్ళొస్తానంటేనే నలభై ప్రశ్నలు వేసే మనిషి.

నాకు విశ్రాంతి కావాలనే ఆయన ఉద్దేశం.

ఫిబ్రవరి 21, పిచిక గదిలో

సవ్యంగా జరగాలి. నేను చేసింది కదా, సవ్యంగా జరగాలనే నాకూ ఉంటుంది.

ఫోన్ చార్జింగ్ నిండుగా ఉంది. రెండుసార్లు చూశాను.

ఫిబ్రవరి 22

మోగలేదు.

పిచిక సెలవు పెట్టి నా ఎదురుగా కూర్చుంది. "అమ్మా, నాన్న నాతో ఒక మాట..." అంది. గ్యాస్ కట్టేశావా అని అడిగాను. కట్టేశానంది. మళ్ళీ "అమ్మా" అంది. కిటికీ తెర ఇంత మురికిగా ఉంచుతారా ఎవరైనా అని లేచి, తెరలన్నీ తీసి నానబెట్టాను. అది నన్ను చూస్తూ కూర్చుంది. ఆ ముగ్గురూ ఉండే గదిలోని తెరలన్నీ ఉతికాను.

ఫిబ్రవరి 23

మోగలేదు. నా ఫోన్ పనిచేస్తోందో లేదో చూడమని పిచికతో చేయించాను. పనిచేస్తోంది.

ఫిబ్రవరి 24

ఇంటికొచ్చాను.

సింకు ఖాళీగా ఉంది. గిన్నెలు వాటి చోట్లలోనే ఉన్నాయి, పెద్దది కింద, చిన్నది పైన, నేను రాసినట్టే. మొక్కలు తడిగా ఉన్నాయి. మందుల అట్టలో ఎన్ని ఖాళీ కావాలో అన్నే అయ్యాయి. ఒక్కటైనా తప్పు దొరుకుతుందేమోనని కాదు, ఊరికే చూశాను. స్టోరు రూములోకి కూడా వెళ్ళి చూశాను.

ఆయన కొత్త పెళ్ళికొడుకులా ఉన్నారు. "ఒక్కసారి కూడా నీకు ఫోన్ చేయాల్సిన పని పడలేదు, చూశావా?"

చూశాను.

ఆయా చెప్పులేసుకుంటూ అంది, "పెద్దమ్మగారు బంగారమండీ. సార్ మాత్ర నోట్లో పెట్టగానే గుటుక్కున మింగేశారు. ఎవరో ఈవిడతో కష్టమని చెప్పారు నాకు. ఎవరో మరి."

ఆ ఎవరో నేనే. ఎనిమిదేళ్ళు పరుగుపందెం పరిగెత్తించి, రోజూ నా చీరలు పాడుచేసి, కొడుకు చేతిలో మూడు రోజులకే బంగారమైపోయింది. అత్తయ్య గదిలోకి వెళ్ళాలనిపించలేదు. వెళ్ళాను, దుప్పటి మార్చాలి కదా. నా ముఖంలోకి చూడలేదు. నేనూ చూడలేదు.

ఫిబ్రవరి 25

చెప్పారు.

ఫిబ్రవరి 27

పద్ధతిగా రాస్తాను.

డైనింగు టేబుల్ దగ్గర ఎదురుగా కూర్చోమన్నారు. ఆయన చేతిలో ఫోన్ లేదు. అప్పుడే తెలియాల్సింది.

"నాకు ఒంటరిగా ఉండాలనుంది" అన్నారు.

"పక్క గదిలో పడుకోండి" అన్నాను. నిజంగానే నాకు అర్థం కాలేదు.

"అది కాదు. నీకు ఇల్లు చూశాను. పిచిక వీధి పక్కనే. ఒక్క గదే, కానీ వెలుతురు బాగుంటుంది. నెల నెలా నీకు కావలసింది పంపుతాను. లోటేం చేయను."

"ఎవరావిడ?"

"ఎవరూ లేరు. ఒట్టు. ఎవరైనా ఉంటే నీకు చెప్పడం తేలికయ్యేది."

ఆయన అబద్ధం ఆడేటప్పుడు ముక్కు రుద్దుకుంటారు. రుద్దుకోలేదు.

"మరి ఎందుకు?"

టేబుల్ మీద వేలితో గీతలు గీశారు. "ఈ ఇంట్లో నేను చుట్టంలా ఉన్నాను. ఏది ఎక్కడుందో నాకు తెలీదు. నా సొంత బనీను నేను వెతుక్కోలేను. ఎటు తిరిగినా నువ్వే ఉంటావు, నాకంటే ముందే అన్నీ నీకు తెలిసిపోతాయి."

"అడిగితే చెప్పేదాన్నిగా."

"అదే. అడగాలి."

ఇరవయ్యారేళ్ళు అడిగారు. అడిగినందుకు నేను బతికాను, అడగాల్సొచ్చినందుకు ఆయన చచ్చారు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం.

"మీ అమ్మగారు?"

"అమ్మ నాతోనే. ఆయా ఉంటుంది. నీకు ఆ చాకిరీ కూడా తప్పుతుంది. నీ మంచి కూడా చూశాను."

నా మంచి కూడా చూశారు.

అంతా నేనే చేసి ఇచ్చాను. ఒక్క అర ఖాళీ లేకుండా. ఎవరైనా గొయ్యి తవ్వమంటే నాలుగు మూలలూ సమంగా వచ్చాయా అని కొలిచి మరీ తవ్వే రకం నేను.

ఫిబ్రవరి 28

రాయడానికి ఏమీ లేదు.

మార్చి 1, ఆదివారం

పిచిక వచ్చింది. ఏడ్చింది. "నాకు జనవరిలోనే చెప్పారమ్మా. నీకు నేను చెప్పకూడదన్నారు, తనే చెప్తానన్నారు. ఆపెయ్ అన్నాను కదా, విన్లేదు నువ్వు."

వినలేదు. నిజమే. నాకు పాఠం చెప్పేటప్పుడు ప్రతి చుక్కా విడమరిచి చెప్పిన పిల్ల, ఇది మాత్రం సగం చెప్పి ఊరుకుంది. ఆ మాట దానితో అన్నాను. అనకుండా ఉండాల్సింది.

మార్చి 3

ఒక సంగతి. పెట్టెలో ఒక అరకి కొత్త వాల్యూ ఇస్తే పాతది మాయమవుతుంది. నిజంగానా, ఆలోచించుకున్నావా అని అడగదు. చుక్క పెట్టి, పేరు రాసి, సమానం గుర్తు పెట్టి ఏది రాస్తే అదే ఇక నిజం.

మధ్యాహ్నం ఆయన లేరు. ఇల్లు.అత్తయ్య.మందులు.ఉదయం దగ్గర ఒకటి కొట్టేసి మూడు అని రాశాను. రాసి దాన్ని చూస్తూ కూర్చున్నాను. గడియారం చప్పుడు వినబడింది. తర్వాత ఒకటి అని పెట్టి, వంటింట్లోకి వెళ్ళి ముఖం కడుక్కున్నాను. మళ్ళీ వచ్చి ఒకటే ఉందా అని చూశాను. ఒకటే ఉంది. నా చేతులు నా చేతుల్లా లేవు.

గీజరు మెకానిక్ నంబరులో మాత్రం చివరి అంకె మార్చాను. ఆ తర్వాత దాన్ని కూడా సరిచేశాను.

సరిచేయలేదు. రేపు చేస్తాను.

మార్చి 5

అత్తయ్య దుప్పటి మారుస్తున్నాను. ఒక పక్కకి ఒత్తిగించి, కింద బట్ట లాగుతున్నాను. నా మణికట్టు పట్టుకుంది, బాగున్న ఎడమచేత్తో. ఆ చేతికి ఇంకా బలం ఉంది.

"నువ్వు పోతున్నావటగా."

"ఎవరు చెప్పారు?"

"వాడే. అందరికంటే ముందు నాకే చెప్పాడు."

ముందు తల్లికి, తర్వాత కూతురికి, చివరికి నాకు. ఇంట్లో అన్నిటికీ నేనే ముందని ఆయన బాధ!

"తెలిసి నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"చెప్తే నువ్వు అప్పుడే పోయేదానివి."

బట్ట లాగడం ఆపేశాను. ఆవిడ మాటలు ముద్ద ముద్దగా వచ్చాయి, ఒక్కోటి రెండుసార్లు అడిగి విన్నాను.

"మాత్రలు వేసుకోకుండా గొడవ చేస్తే... హోంలో చేర్పిస్తానన్నాడు. ముసలాళ్ళ హోంలో. నవ్వుతూనే అన్నాడు. నువ్వు లేవుగా."

"అందుకని మింగారా?"

"నీళ్ళ కోసం కూడా ఆగలేదు. గొంతులో అడ్డం పడింది. దగ్గితే ఏమంటాడోనని దగ్గలేదు." కాసేపు ఊపిరి తీసుకుంది. "వాడు పందెం సంగతి అడగలేదు. వాడికి తెలీదు."

తెలుసు. నేను రాశాను, ఆయన తీసేయించారు. ఆ మాట ఆవిడకి చెప్పలేదు.

ఆయాతో "బంగారం" అనిపించుకున్నది భయం. ఆ మూడు రోజులూ నా ఫోన్ మోగకపోవడానికి కారణం నేను రాసిన ప్రోగ్రాం అనుకున్నాను. లోపల లోపల కొంచెం గర్వం కూడా పడ్డాను, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అక్కడ మంచం మీద ఒక ముసలావిడ దగ్గు ఆపుకుంటోంది.

మార్చి 8, ఆదివారం

ఆయనతో చెప్పాను. పిచిక కూడా ఉంది.

"ఆ ఒక్క గది ఇంటికి వెళ్తాను. అత్తయ్య నాతో వస్తుంది."

"అమ్మా? అమ్మెందుకు?"

"ఆవిడనే అడగండి."

గదిలోకి వెళ్ళారు. మేమిద్దరం గుమ్మంలో నిలబడ్డాం. ఆయన వంగి చాలా మెత్తగా అడిగారు. అత్తయ్య నా వైపు చూసింది, కొడుకు వైపు చూసింది, కళ్ళు మూసుకుని "పోతా" అంది.

"ఏం తక్కువ చేశానమ్మా నీకు?"

"ఏం తక్కువ చేయలేదురా. పోతా."

హాల్లోకి వచ్చి నా మీద పడ్డారు. "ఏం నూరిపోశావు? కన్నతల్లిని కోడలు తీసుకుపోయిందంటే జనం నన్నేమనుకుంటారు?"

"ఒంటరిగా ఉండాలన్నారుగా."

"నువ్వు లేకుండా అన్నాను!"

ఆ మాట బయటికి వచ్చాక ఆయనే ఆగిపోయారు. పిచిక తల దించుకుంది. నాకు ఏమీ అనిపించలేదు. రెండు రోజుల తర్వాత అనిపిస్తుందేమో, అప్పుడు రాస్తాను.

"ఇది కక్ష" అన్నారు.

"అయ్యుండొచ్చు" అన్నాను.

పిచిక నన్ను బాల్కనీలోకి లాక్కెళ్ళింది. "అమ్మా, నీకు బుర్ర ఉందా? ఎనిమిదేళ్ళ తర్వాత నీకు చేతులు ఖాళీ అయ్యాయి. ఎవరో ఒకరు మోస్తామంటున్నారు. మళ్ళీ తెచ్చి నెత్తిన పెట్టుకుంటావా? ఆవిడ నీతో ఒక్కరోజైనా మంచిమాట అందా?"

అనలేదు.

"ఇంత ప్రేమేంటమ్మా నీకు ఆవిడ మీద?"

తెలియదన్నాను. ఆయన ఇంట్లోంచి ఏదో ఒకటి తీసుకుపోవాలని ఉందేమో. ఆవిడ దగ్గు ఆపుకోవడం నేను భరించలేకనేమో. ఏది ఎంత పాళ్ళో నాకు తెలియదు, ఎక్కడా రాసి పెట్టుకోలేదు.

మార్చి 12

గీజరు మెకానిక్ నంబరు సరిచేశాను. ఈసారి నిజంగా.

మార్చి 14

సామాను వెళ్ళింది. మంచం, చక్రాల కుర్చీ, రెండు ట్రంకులు. పిచిక లాప్‌టాప్ తెరిచి, "నానమ్మ అర మొత్తం తీసేయనా?" అని అడిగింది.

"ఉంచు."

"ఎందుకు? ఇక్కడ ఆవిడ ఉండదుగా."

"జవాబులు ఉంటాయిగా. చదువుకుంటారు."

దానికి కోపం వచ్చింది. నాన్నకి అంత శిక్ష వేయకు అంది. తండ్రిని అంటే దానికి ఇప్పటికీ పొడుచుకొస్తుంది, రావాలి కూడా. అయినా తీయనివ్వలేదు.

ఆయన అత్తయ్యని స్వయంగా ఎత్తుకుని లిఫ్టు దాకా తీసుకొచ్చారు. తల్లి చేయి ఆయన మెడ చుట్టూ ఉంది. లిఫ్టులో కుర్చీలో కూర్చోబెట్టాక ఆ చేయి విడిపించుకోవడానికి ఆయనకి కొంచెంసేపు పట్టింది. ఆవిడే వదల్లేదో, ఆయనే ఆగారో నేను చూడలేదు. మీటల వైపు చూస్తున్నాను.

మార్చి 15, ఆదివారం

ఒక్కటే గది. వెలుతురు బాగుంటుందన్నది నిజమే. మంచానికి ఎదురుగానే వంట గట్టు, మధ్యలో గోడ లేదు. నిన్న నేను అత్తయ్య మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు పిచిక సామానంతా తనకి తోచినట్టు సర్ది వెళ్ళిపోయింది.

పొద్దున పప్పు ఉడికింది. ఉప్పు వేద్దామని చేయి చాచాను. చేయి వెళ్ళిన చోట గోడ ఉంది. కింద చూశాను, పైన చూశాను, ట్రంకు తెరిచి చూశాను. డబ్బాల మూతలన్నీ తీసి చూశాను. చక్కెర రెండుసార్లు దొరికింది. పొయ్యి ముందు గరిట పట్టుకుని నిలబడిపోయాను. నా ఇంట్లో ఉప్పు ఎక్కడుందో నాకు తెలియదు.

మంచం మీదనుంచి, "ఏంటి?" అంది అత్తయ్య.

"ఏం లేదు."

"ఏం వెతుకుతున్నావు?"

"ఉప్పు."

"కిటికీ దగ్గర. నీలం డబ్బా వెనకాల. మూత లేని సీసా."

అక్కడే ఉంది.

"మీకెలా తెలుసు?"

"నీ కూతురు పెడుతుంటే చూశా. పడుకుని చేసేదేముంది?" అని, "నన్నెవరు అడిగారు ఇన్నాళ్ళూ" అంది.

ఉప్పు వేశాను. ఎక్కువ పడింది. ఇద్దరం అలాగే తిన్నాం.